రీట్రై పెట్టే ముందు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

రిఫండ్లు, ఇన్‌వాయిస్‌లు పంపే పనులను అమెజాన్ ఎస్‌క్యూఎస్‌లోకి (పనులను మెసేజ్‌లుగా వరుసలో, అంటే క్యూలో, ఉంచే సేవలోకి) మార్చి, విఫలమైన జాబ్ దానంతటదే మళ్లీ నడిచేలా చేస్తున్నానని రాశావు, చాలా సంతోషం. రీట్రైలు ఎన్ని పెట్టాలని అడిగావు కానీ, ఒకే జాబ్ రెండుసార్లు నడిస్తే ఏమవుతుందన్నది అంతకన్నా ముందు తేల్చుకోవాలి.

ఎస్‌క్యూఎస్‌లో మామూలు రకమైన స్టాండర్డ్ క్యూ ప్రతి మెసేజ్‌నూ కనీసం ఒకసారి అందిస్తుంది; ఒక్కసారే అందిస్తానని హామీ ఇవ్వదు. వర్కర్ (జాబ్‌ను నడిపే ప్రోగ్రామ్) తీసుకున్నంత మాత్రాన మెసేజ్ క్యూలోంచి పోదు, విజిబిలిటీ టైమౌట్ తీరేవరకు మిగతా వర్కర్లకు కనబడకుండా ఉంటుంది, అంతే. మార్చకపోతే ఆ గడువు 30 సెకన్లు. రిఫండ్ జాబ్ పేమెంట్ గేట్‌వే జవాబు కోసం 40 సెకన్లు ఆగిందనుకో, మొదటి వర్కర్ ఇంకా పనిలో ఉండగానే రెండో వర్కర్ అదే మెసేజ్‌ను అందుకుంటుంది, కస్టమర్‌కు డబ్బు రెండుసార్లు వెళ్లవచ్చు. డబ్బు పంపాక, మెసేజ్‌ను తొలగించేలోపు వర్కర్ ఆగిపోయినా అంతే. అందుకే టైమౌట్ పెంచడం అవసరమే అయినా, అదొక్కటే చాలదు.

ప్రతి రిఫండ్‌కూ ఒక గుర్తింపు సంఖ్యను క్యూలో వేసేటప్పుడే ఇవ్వు. వర్కర్ లోపల తయారుచేస్తే ప్రతి రీట్రైకీ కొత్త సంఖ్య పుట్టి ప్రయోజనం పోతుంది. డేటాబేస్‌లో ఆ సంఖ్య ఉండే కాలమ్‌కు యూనిక్ నిబంధన (ఒకే సంఖ్య రెండోసారి చేరకుండా ఆపేది) పెట్టు. ముందు వెతికి, లేకపోతే రాసే పద్ధతిని నమ్మకు, ఎందుకంటే ఇద్దరు వర్కర్లు ఒకే క్షణంలో వెతికితే ఇద్దరికీ లేదనే కనబడుతుంది. గేట్‌వేకు కూడా ప్రతిసారీ అదే సంఖ్యను ఐడెంపొటెన్సీ కీగా, అంటే ఒకే కోరిక రెండోసారి వచ్చినా పని ఒక్కసారే జరిగేలా చూసే గుర్తుగా, పంపు. దానిని గుర్తించని గేట్‌వే అయితే, మళ్లీ పంపే ముందు పాత రిఫండ్ స్థితిని అడిగి తెలుసుకోవడం తప్పనిసరి.

ఇక రీట్రైల సంగతి. గేట్‌వే సమయానికి జవాబివ్వకపోవడం, 503 (సర్వర్ ప్రస్తుతం అందుబాటులో లేదనే ఎర్రర్) వంటివి కాసేపాగితే సర్దుకుంటాయి కనుక వ్యవధిని రెట్టింపు చేస్తూ, దానికి కొంత యాదృచ్ఛికత కలిపి మళ్లీ ప్రయత్నించు. ఖాతా నంబరే తప్పయితే ఎన్నిసార్లు పంపినా ఫలితం మారదు, దానిని నేరుగా డెడ్ లెటర్ క్యూకు (విఫలమైన మెసేజ్‌లను పక్కన పెట్టే వేరే క్యూకు) పంపు.

ఆ క్యూ విషయంలో చాలామంది గమనించనిది ఒకటుంది. స్టాండర్డ్ క్యూలో మెసేజ్ వయసు మొదట వేసిన సమయం నుంచే లెక్కకు వస్తుంది, డెడ్ లెటర్ క్యూలోకి మారినా అది సున్నా కాదు. మెసేజ్‌ను దాచి ఉంచే గడువును రెండు క్యూల్లోనూ డిఫాల్ట్ 4 రోజులే ఉంచితే, మూడు రోజులు తిరిగి వచ్చిన మెసేజ్ మరునాటికే మాయమవుతుంది. కాబట్టి డెడ్ లెటర్ క్యూకు గరిష్ఠమైన 14 రోజులు పెట్టి, ఒక్క మెసేజ్ చేరినా అలారం మోగేలా చూడు.

విడుదలకు ముందు టెస్ట్ ఖాతాతో రిఫండ్ జాబ్ నడుపుతూ, గేట్‌వే జవాబు వచ్చాక, మెసేజ్ తొలగించేలోపు వర్కర్‌ను కిల్ చెయ్యి. మెసేజ్ మళ్లీ వచ్చి జాబ్ పూర్తయ్యాక గేట్‌వే దగ్గర ఎన్ని రిఫండ్లు నమోదయ్యాయో చూసి నాకు రాయి.

ఇట్లు,
మీ పెదనాన్న