'ఎత్తుకుంటాం తీ' అనొద్దు అల్లుడా

రాజేషూ,

నీ మెసేజ్ నిన్న రాత్రే చూశాను. ఫోన్లో ఇంతింత టైపు చేయడం నాకు చేతకాదు కాబట్టి పొద్దున్నే కూర్చుని నిదానంగా రాస్తున్నాను. డిసెంబర్లో మీ అమ్మను, అదే మా అక్కను, చక్రాల కుర్చీలో తీసుకొస్తానన్నావు, సంతోషం. రామప్ప, వేయి స్తంభాల గుడి, వరంగల్ కోట, లక్నవరం, మేడారం అన్నీ రెండు రోజుల్లో చుట్టేస్తామన్నావు, దాని సంగతి తర్వాత చెప్తా. చివర్లో "మెట్లున్న చోట నేనూ తమ్ముడూ ఎత్తుకుంటాం తీ మామా" అని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను.

హన్మకొండలో ఇరవై ఎనిమిదేళ్లు టూరిస్టు కార్లు నడిపినవాణ్ణి. ఏ గుడికి ఏ తొవ్వ దగ్గర, ఏ చెట్టు కింద బండికి నీడ దొరుకుతుంది, అన్నీ తెలుసనుకునేవాణ్ణి. మీ అత్తమ్మకు ఎడమ పక్క పడిపోయాక అర్థమైంది, నాకు తెలిసింది పార్కింగ్ దాకానే అని. ఆమె కుర్చీలోకి వచ్చిన మొదటి ఏడాది ఓ గుట్ట మీది గుడికి పోయాం. నలుగురు పిల్లలు, పాపం మంచోళ్లే, "అమ్మా మేమున్నాం" అని కుర్చీతో సహా లేపి డెబ్బై మెట్లు ఎక్కించారు. కిందికి వచ్చాక దర్శనం బాగా జరిగిందా అని అడిగాను. "ఎక్కేటప్పుడు కళ్లు మూసుకున్నా, పైనున్నంతసేపు ఎట్ల దింపుతరో అని ఆలోచించుకున్నా, దేవుడు యాదికి లేడు" అన్నది. కొంగు జారుతుంటే సర్దుకుందామన్నా కుర్చీ చెయ్యి వదల్లేదట. అప్పటి నుంచి మా ఇంట్లో ఒకటే రూలు. చక్రాలు నేల మీద ఎంత దూరం పోతే అంత వరకే మా యాత్ర, ఆమె తన నోటితో లేపమంటే తప్ప ఎవరూ చెయ్యి వేయొద్దు.

కాబట్టి లిస్టు పక్కన పెట్టి ముందు అక్కను అడుగు, ఏం చూడాలనుందో. నాకైతే ఆమె మట్టెవాడలో మేం చిన్నప్పుడున్న గల్లీ చూడాలంటుందేమో అనిపిస్తోంది. అంటే అక్కడికే పోదాం, అందులో తప్పేముంది.

ఇంకో మాట, కొంచెం ఇబ్బందిగా ఉన్నా రాస్తున్నాను. ప్రయాణం రోజు పొద్దున్నుంచి అక్క నీళ్లు తాగకపోతే ఆకలి లేదనో, ఉపవాసమనో చెప్తుంది, నమ్మకు. అది బాత్రూం భయం. మీ అత్తమ్మ ఇట్లాగే రెండేళ్లు మమ్మల్ని మోసం చేసి, చివరికి ఇన్ఫెక్షన్ వచ్చి దవాఖానలో పడుకుంది. అసలు మెట్ల కన్నా పెద్ద అడ్డం ఇదే, కానీ ఎవరూ బయటికి చెప్పరు. మధ్యలో బొక్క ఉండే కమోడ్ కుర్చీ మడిచేది ఒకటి కొను, ఏ బాత్రూంలోనైనా మామూలు దొడ్డి మీద వేసుకోవచ్చు. ఒక పాత చీర, రెండు లీటర్ల నీళ్ల సీసా డిక్కీలో ఉంచు. రెండు గంటలకోసారి ఆగుదామని నువ్వే చెప్పు, ఆమె అడిగేదాకా చూడకు.

హోటల్ సంగతికి వస్తే, లిఫ్ట్ ఉందా అని అడిగి ఫోన్ పెట్టేయకు. ఒకసారి పక్క జిల్లాలో పెళ్లికి పోయినప్పుడు ఉందనే చెప్పారు, నిజంగానే ఉంది, కాకపోతే లిఫ్ట్ దాకా పోవడానికి ఏడు మెట్లు! అడగాల్సింది రోడ్డు నుంచి మంచం దాకా ఎన్ని మెట్లని, బాత్రూం తలుపు ఎన్ని అంగుళాలని. తలుపుకు టేపు పెట్టి ఫోటో తీసి పంపమను, కుర్రాళ్లు పంపిస్తారు. మామూలు కుర్చీయే 25, 26 అంగుళాలు ఉంటుంది, రెండడుగుల తలుపులో పట్టదు. ఇదంతా ఎందుకు, మా ఇంట్లోనే దిగండి.

ఇక చూసేవాటి గురించి. వేయి స్తంభాల గుడి ఊరి మధ్యలో, మెయిన్ రోడ్డు పక్కనే కాబట్టి మొదటి రోజు పొద్దున్నే ఏడింటికల్లా అక్కడుందాం. సోమవారం మాత్రం వద్దు, శివుడి గుడి, జనం ఉంటారు. 1163లో రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం, శివుడు, విష్ణువు, సూర్యుడు. గుడి నక్షత్రం ఆకారపు అరుగు మీద ఉంటుంది, సుమారు మూడడుగుల ఎత్తు. అరుగెక్కకపోయినా ఆ నల్లరాతి నందిని తీరిగ్గా చూడొచ్చు. ఎదురుగా కల్యాణ మండపం, దాన్ని రాయి రాయీ విప్పదీసి మళ్లీ పేర్చి 2024 మార్చిలో తెరిచారు. అక్క ఈ ఊరు వదిలేటప్పటికి దాన్ని విప్పి పెట్టి ఉంచారు, ఇప్పుడు నిలబడ్డది చూస్తే మురిసిపోతుంది. గుళ్లోకి పోయే ముందు చక్రాలు తుడవడానికి తడిబట్ట పట్టుకో, అది మన చేతిలో కనిపిస్తే "కుర్చీ లోపలికి వద్దు" అనేవాళ్లు కూడా మెత్తబడతారు, నా అనుభవం.

రామప్ప దగ్గరే నువ్వు తొందర పడతావని నా భయం. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించింది, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు. ఇక్కడి నుంచి 65 కిలోమీటర్ల పైచిలుకు. ఆ గుడి అరుగు ఆరడుగుల ఎత్తు. చెక్క వేసి తోసేద్దాం అంటావేమో, లెక్క చెప్తా విను. కుర్చీ పైలంగా ఎక్కాలంటే ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ర్యాంపు కావాలి. ఆరడుగులకు 72 అడుగులు! ఎనిమిదడుగుల ప్లైవుడ్ ముక్క వేస్తే అది ర్యాంపు కాదు, జారుడుబల్ల.

అయినా రామప్పకు పోవాల్సిందే, ఎందుకంటే అక్కడ అందమైనవన్నీ లోపలే లేవు. మదనికలు, అంటే ఆడవాళ్ల శిల్పాలు, బయట చూరు కింద ఉంటాయి, నల్లరాతివి, నిలబడ్డవాళ్లయినా తలెత్తి చూడాల్సిందే. అరుగు కింద నుంచి, కాస్త దూరం జరిగి చూస్తే ఇంకా బాగా కనిపిస్తాయి. ఒక చిన్న బైనాక్యులర్ తీసుకురా. మీ అత్తమ్మ దాంతో ఒక్కో బొమ్మ దగ్గర పది నిమిషాలు ఆగింది, ఆ ఎత్తు చెప్పుల బొమ్మ చూసి "ఎనిమిది వందల ఏండ్ల కిందనే హీల్సా" అని నవ్వింది. కాళ్లున్నవాళ్లు గబగబా పైకెక్కి సెల్ఫీ దిగి ఇరవై నిమిషాల్లో దిగిపోతుంటే మేం రెండు గంటలున్నాం. లోపలి స్తంభాల కోసం మీ తమ్ముణ్ణి పైకి పంపు, వీడియో కాల్ పెట్టి అక్క ఎటు చూపమంటే అటు ఫోను తిప్పమను, నువ్వు మాత్రం ఆమె పక్కనే ఉండు. గడ్డి తడిగా ఉంటే ముందు చిన్న చక్రాలు దిగబడతాయి. అప్పుడు తోయకు, కుర్చీని వెనక్కి తిప్పి పెద్ద చక్రాల మీద లాగు. వాలు దిగేటప్పుడు కూడా అంతే, నువ్వు ముందు, కుర్చీ వెనక్కి తిరిగి.

కోట సాయంత్రానికి పెట్టుకో. దాని గొప్పతనం ఏంటంటే సగం కోట కారులో కూర్చునే చూడొచ్చు, ఊరి రోడ్డే మట్టికోట దాటి రాతికోట దర్వాజాల్లోంచి మెలికలు తిరుగుతూ లోపలికి పోతుంది. నాలుగు కీర్తి తోరణాల దగ్గర చాలావరకు చదునే, అక్కడక్కడా రాళ్లు. విరిగిన శిల్పాలు నేల మీదే ఉంటాయి, కుర్చీలో కూర్చున్న మనిషి కంటికి సరిగ్గా ఎదురుగా. ఏకశిల గుట్ట మెట్లు మర్చిపో. ఖుష్ మహల్ బయటి నుంచి చాలు.

లక్నవరం వద్దు. ఊగే వంతెన మీద కుర్చీ, పడవలోకి ఎక్కించడం, ఆ టెన్షన్ నాకొద్దు. నీళ్లే చూడాలంటే భద్రకాళి చెరువు కట్ట మీద నడకదారి ఉంది, సాయంత్రం పల్లీలు తింటూ ఓ గంట తిరగొచ్చు. మేడారం గద్దెలకు గుట్ట ఎక్కే పని లేదు, జాతర లేనప్పుడు హాయిగా పోయి బెల్లం సమర్పించి రావచ్చు, కానీ రామప్పతో కలిపి ఒకే రోజు పెట్టకు. జాతరప్పుడైతే కుర్చీతో ఆలోచనే వద్దు.

కారు విషయం. మీ పెద్ద బండి ఎత్తు ఎక్కువ, అక్క తుంటి సీటుకు అందదు. తమ్ముడి చిన్న కారు తీసుకురా. కుర్చీని ముందు సీటుకు ఏటవాలుగా, ఆమెకు బలమున్న కుడి పక్క సీటు వైపు వచ్చేట్టు పెట్టి, బ్రేకు వేసి, కాళ్ల పలకలు పైకి లేపు. ముందు కూర్చోబెట్టాలి, తర్వాత కాళ్లు లోపలికి తిప్పాలి. చంకల్లో చేతులు పెట్టి లాగకు, పడిపోయిన వైపు భుజం జారుతుంది. రైలైతే కాజీపేటలో ఆగేది కాసేపే, దిగడానికే సరిపోతుంది, కారే నయం. అయినా ఎప్పటికైనా పనికొస్తుంది, అక్కకు సదరం సర్టిఫికెట్, అదే వికలాంగుల ధ్రువపత్రం, ఉంది కదా, రైల్వే రాయితీ కార్డు కూడా చేయించు. తోడు లేకుండా ప్రయాణం చేయలేనివాళ్లకు స్లీపర్లో, థర్డ్ ఏసీలో 75 శాతం తగ్గిస్తారు, వెంట వచ్చే ఒకరికి కూడా అంతే.

మూడు రోజులకు సెలవు పెట్టు, రెండు చాలవు. మీ అత్తమ్మ సర్వపిండి చేయిస్తానంటోంది, అక్కకు కారం ఎంత పడుతుందో అడగమంది. మా బాత్రూం గడప రెండంగుళాలుంది, వడ్రంగితో వాలుచెక్క పెట్టిస్తున్నా, అది చేయడానికి కుర్చీ వెడల్పు కావాలట. చక్రానికి చక్రానికి మధ్య కాదు, బయటి రింగు నుంచి రింగు దాకా కొలిచి రేపు ఫోన్ చెయ్యి.

మీ మామ