తలకు దెబ్బ తగిలాక కోపిష్టి అయ్యాడు... మా అబ్బాయి మళ్లీ మామూలవుతాడా?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. మా అబ్బాయికి 20 ఏళ్లు, డిప్లొమా చదువుతున్నాడు. నాలుగు నెలల క్రితం బైక్ మీద నుంచి పడి తలకు పెద్ద దెబ్బ తగిలింది. ఎడమవైపు పుర్రె ఎముక తీసి పొట్టలో దాచారు. 16 రోజులు స్పృహ లేదు. మూడో వారంలో ఒకసారి ఫిట్స్ వచ్చాయి. ఇప్పుడు పట్టుకుంటే నడుస్తాడు. కుడిచెయ్యి బిగుసుకుపోయింది. చెప్పింది మరిచిపోతాడు. ఊరికే కోపం, నా మీద చెయ్యి కూడా చేసుకున్నాడు. ముందు ఇలాంటివాడు కాదు. మాత్రలతో మగతగా ఉంటున్నాడని ఇంట్లో ఆపేద్దామంటున్నారు. తిరుమలలో తలనీలాల మొక్కు ఉంది. జూన్‌లో కాలేజీకి పంపొచ్చా? నాకైతే నిద్రే లేదు. – ఒక తల్లి

జవాబు: అమ్మా, ‘ముందు ఇలాంటివాడు కాదు’ అన్నారు చూడండి, అక్కడి నుంచే మొదలుపెడతాను. కోపం మనందరికీ వస్తుంది. నోటి దాకా వచ్చిన మాటను మింగేస్తాం, ఎత్తిన చెయ్యి దించేస్తాం. ఆ అదుపు నుదుటి వెనక ఉన్న మెదడు భాగం పని. బండి మీద నుంచి పడినవాళ్లలో తరచుగా దెబ్బతినేది అదే. అందుకే మీ అబ్బాయికి కోపం వస్తే ఆపుకోవడం చేతకావడం లేదు. కాసేపటికి కొట్టిన సంగతే గుర్తుండకపోవచ్చు. పొగరని, గాలి సోకిందని ఎవరన్నా అంటే ఈ సంగతి వాళ్లకూ చెప్పండి.

కోపం ఎప్పుడెప్పుడు వస్తోందో ఒక వారం రాసిపెట్టండి. చాలామందిలో సాయంత్రం అలసిపోయాక, టీవీ మోగుతూ నలుగురూ ఒకేసారి మాట్లాడుతుంటే వస్తుంది. టీవీ కట్టేసి, ఒక్కరే, చిన్నచిన్న మాటలతో మాట్లాడండి. చెయ్యెత్తితే వాదన పెట్టుకోకండి. రెండడుగులు వెనక్కి జరగండి, అతను పడిపోకుండా కనిపెట్టి ఉండండి, నెమ్మదించాక వేరే మాట ఎత్తండి.

చూడటానికి వచ్చిన చుట్టాలు ‘నేనెవరో చెప్పు చూద్దాం’ అని అడుగుతుంటారు. ప్రేమతోనే అడుగుతారు, కానీ దయచేసి ఆపించండి. గుర్తురాక పిల్లవాడు నలిగిపోతాడు. తడుముకుని తప్పు పేరు చెప్తే ఆ తప్పే నాటుకుంటుంది. వచ్చినవాళ్లే ‘నేను మీ మేనమామను రా’ అని చెప్పి కూర్చోవాలి. లేవడం, స్నానం, వ్యాయామం, భోజనం రోజూ ఒకే వేళకు జరగాలి. అవన్నీ పెద్ద అక్షరాలతో గోడ మీద రాసి అంటించండి.

ఫిట్స్ మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. ఉన్నట్టుండి మానేస్తే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకు రావచ్చు. అయితే ఒక విషయం. లెవెటిరాసిటామ్ అనే మాత్ర కొందరిలో చిరాకును, కోపాన్ని పెంచుతుంది. చీటీలో అదే ఉంటే న్యూరో డాక్టర్‌కు కోపం సంగతి, మగత సంగతి రెండూ చెప్పండి. డోసు తగ్గించడమో, మందు మార్చడమో వారు చూస్తారు. మళ్లీ ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళంచెవులు, నోట్లో స్పూను, నీళ్లు ఏవీ వద్దు. ఐదు నిమిషాలు దాటితే 108కు ఫోన్ చేయండి.

ఎముక తీసిన చోట మెదడుకు చర్మమే కాపలా. నడిపించేటప్పుడు తలకు హెల్మెట్ ఉండాలి. ఆ వైపు నూనె మర్దనా వద్దు, కత్తి అసలే వద్దు. మొక్కు ఎక్కడికీ పోదమ్మా. ఎముక తిరిగి అమర్చి, కుట్లు పూర్తిగా మాని, సర్జన్ సరే అన్నాక కొండకు తీసుకెళ్లండి. మనసు ఆగకపోతే ఈలోగా మీరు వెళ్లి మూడు కత్తెర్లు ఇచ్చి రండి. నాలుగు నెలలైంది కాబట్టి ఎముక ఎప్పుడు పెడతారో సర్జన్‌ను ఇప్పుడే అడగండి.

చెయ్యి విషయంలో మీ వంటిల్లే పనికొస్తుంది. చల్లారిన రాగి సంగటిని కుడిచేత్తో పిసికి ముద్ద చేయమనండి. వేడిది వద్దు, ఆ చేతికి స్పర్శ తగ్గి ఉంటే కాలినా తెలియదు. చెనక్కాయలు ఒలవమనండి. పది కాయలకు అరగంట పట్టినా పక్కన కూర్చోండి, మీరు ఒలిచి ఇవ్వకండి. అవి తినేటప్పుడు, నీళ్లు తాగేటప్పుడు పొలమారుతుంటే మాత్రం మింగుడు పరీక్ష అయ్యేదాకా గింజలు పెట్టొద్దు. బిగుసుకున్న కీలును బలవంతంగా లాగించవద్దు. మోచెయ్యి, తుంటి లాంటి కీళ్ల దగ్గర వేడి, వాపు, నొప్పి ఉంటే కండలో ఎముక పెరుగుతోందేమో ఎక్స్‌రే తీయించాలి.

ఈ జూన్‌లో కాలేజీ వద్దు. మెరుగుదల మొదటి ఆరు నెలల్లో వేగంగా ఉంటుంది, ఆ తర్వాత నెమ్మదిగా ఏళ్ల తరబడి సాగుతుంది. కాళ్లు ముందు కుదురుకుంటాయి, జ్ఞాపకం, నిదానం ఆలస్యంగా వస్తాయి. అచ్చం పాత మనిషి అవుతాడని నేను మాట ఇవ్వలేను. కానీ 16 రోజులు స్పృహ లేని అబ్బాయి నాలుగు నెలలకే నడుస్తున్నాడంటే నాకు ఆశగానే ఉంది. ఇప్పటికి రోజూ పావుగంట చదివించండి. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత పరీక్షలు చేయించాక చదువు సంగతి నిర్ణయిద్దాం.

తిరుపతి స్విమ్స్‌లో న్యూరో డాక్టర్లున్నారు. కొన్ని వారాలు ఉండి శిక్షణ తీసుకోవాలంటే వేలూరు సీఎంసీ వారి పునరావాస కేంద్రం బాగాయంలో ఉంది, చిత్తూరు మీదుగా మీకు దగ్గరే. సదరం శిబిరంలో ఇచ్చే వైకల్య సర్టిఫికెట్ గురించి కూడా అడగండి.

బాగా నడుస్తున్నవాడు మళ్లీ తూలినా, మగత పెరిగినా, వాంతులైనా, బట్టల్లోనే మూత్రం పోతున్నా, ఎముక తీసిన చోటు ఉబ్బి గట్టిపడినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మెదడులో నీరు చేరితే ఇలా అవుతుంది, దానికి చికిత్స ఉంది.

ఇక మీ నిద్ర. వారానికి కనీసం మూడు రాత్రులు అబ్బాయి పక్కన ఇంకొకరు పడుకోవాలి. తండ్రో, మేనమామో, ఎవరైనా సరే, మాత్రలు ఎప్పుడు వేయాలో వాళ్లకు నేర్పండి. ఆ మూడు రాత్రులు మీరు వేరే గదిలో తలుపు వేసుకుని పడుకోండి. ఈసారి అతన్ని చూపించడానికి వెళ్లినప్పుడు మీ బీపీ కూడా చూపించుకోండి.

– పునరావాస వైద్య నిపుణులు, తిరుపతి