టూర్ డి ఫ్రాన్స్ చూడబోయే హర్షకు

కడప,
జూన్ 2026

చిరంజీవి హర్షకు చిన్నాయన ఆశీస్సులు.

మీ హాస్టల్లో ఎనిమిది మంది కలిసి ఈసారి టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేస్ మొదటి నుంచి చివరిదాకా చూస్తారనీ, రోజూ ఎవరు గెలుస్తారో పందెం కాస్తారనీ మీ అమ్మ చెప్పింది. చూడటం చాలా మంచి పని. మూడు వారాలు ఓపిగ్గా చూస్తే ఈ ఆట ఇచ్చే ఆనందం ఇంకే ఆటలోనూ దొరకదు. పందెం సంగతి మాత్రం ముందే తేల్చేస్తా: రూపాయి కూడా పెట్టొద్దు.

మన రాష్ట్రంలో 2020లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ బెట్టింగ్‌ను నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. యాప్ విదేశాలది, మనకేం కాదు అని ఎవడైనా చెబితే నమ్మొద్దు నాయనా. చట్టం అట్లుంచు, లెక్కే మీకు ఎదురు తిరుగుతుంది. బుకీ రేటు 5 అంటే, గెలిస్తే రూపాయికి అయిదు ఇస్తాడని; 100ను 5తో భాగిస్తే, గెలిచే అవకాశం 20 శాతమని వాళ్లు చెబుతున్నట్టు. ఒక స్టేజ్‌కు, అంటే ఒక రోజు రేస్‌కు, ఇచ్చిన రేట్లన్నీ ఇట్లా శాతాల్లోకి మార్చి కూడితే 100 రావాలి. ఎప్పుడూ 100 దాటే వస్తుంది. ఆ దాటినంతా బుకీ జేబులోకి పోయేదే. ఇద్దరి మధ్య జరిగే మ్యాచ్‌లో ఆ ఎక్కువ కాస్తే ఉంటుంది. వంద మందికి పైగా ఉన్న జాబితాలో ఒక్కో పేరు మీద కొంచెం కొంచెం కోసుకుంటే అది చాలా పెద్దదవుతుంది. ఎంత బాగా చదివి చెప్పినా చివరికి పోగొట్టుకునేది మీరే.

దానికి బదులు కాగితం మీద పాయింట్లతో ఆడుకోండి, ఆ పద్ధతి కింద రాస్తా. ముందు రేస్ చదవడం నేర్చుకో.

23 టీమ్‌లు, టీమ్‌కు ఎనిమిది మంది, మొత్తం 184 మంది దిగుతారు. అందరూ ఒకే దానికోసం తొక్కరు. 21 స్టేజ్‌ల టైం కూడితే ఎవరిది తక్కువో వాళ్లకు పసుపు జెర్సీ. స్ప్రింట్ (గీత ముందు ఒక్కసారిగా దూసుకుపోవడం) పాయింట్లకు ఆకుపచ్చది, కొండల మీద ముందు చేరినందుకు వచ్చే పాయింట్లకు ఎర్ర చుక్కలది, పాతికేళ్లు, అంతకన్నా తక్కువ ఉన్న కుర్రాళ్లలో ముందున్నవాడికి తెల్లది. ఇవిగాక ఆనాటి స్టేజ్ గెలుపు. పసుపు మీద నిజంగా ఆశ ఉన్నవాళ్లు పట్టుమని పదిమంది ఉండరు. కాబట్టి రోజూ నువ్వు వేసుకోవాల్సిన ప్రశ్న: ఈ రోడ్డు ఎవరికి సరిపోతుంది, ఈరోజు గెలుపు ఎవరికి అవసరం? గట్టివాడెవడని చూస్తే రోజూ పొగాచార్ పేరే రాస్తావు. 2020, 2021, 2024, 2025 టూర్‌లు గెలిచినవాడు కదా. అయినా అతను పోయినేడు 21 స్టేజ్‌ల్లో గెలిచింది నాలుగే. మిగిలిన 17 ఇంకొకరివి.

స్టేజ్ బొమ్మ, అదే ప్రొఫైల్, ముందు రాత్రే చూడు. కొండలు నిలువునా ఉన్నట్టు కనబడతాయి, భయపడొద్దు. ఎత్తును సాగదీసి గీస్తారు. బొమ్మ వదిలేసి అంకెలు చూడు. దూరం ఎంత, రోజు మొత్తం ఎక్కే ఎత్తు ఎంత, చివరి ఎక్కుడు గమ్యానికి ఎన్ని కిలోమీటర్ల ముందు అయిపోతుంది. 180 కిలోమీటర్లలో మొత్తం ఎక్కుడు 1,500 మీటర్ల లోపుంటే స్ప్రింటర్ల రోజనుకో. 4,000 దాటితే పసుపు వాళ్ల రోజు, లేదా పెద్ద గుంపును వదిలి ముందే పారిపోయిన చిన్న గుంపు (బ్రేక్‌అవే) రోజు. మధ్యలో 2,500, 3,000 ఉండేవి చెప్పడం కష్టం. వాటిలో చివరి 20 కిలోమీటర్లు ఒక్కొక్క వంపూ చూసుకో. శాతం అంటే, వంద మీటర్లు ముందుకు పోతే ఎన్ని మీటర్లు పైకి పోతావో అది. ఆల్ప్ దుయెజ్ కొండ 21 మలుపులతో 13.8 కిలోమీటర్లు, సగటు 8.1 శాతం. చదునులో ముందువాడి వెనక నక్కి తొక్కితే గాలి తగలక చాలా బలం మిగులుతుంది. అంత నిటారు ఎక్కుడులో వేగం పడిపోతుంది కాబట్టి ఆ లాభం చిక్కిపోతుంది. అందుకే గుంపులో దాక్కున్నవాళ్లు అక్కడ బయటపడతారు.

గాలి సంగతి చాలామంది మర్చిపోతారు, నువ్వు మర్చిపోవద్దు. రామగిరి గాలిమరల కింద జూలైలో ఒకసారి సైకిల్ మీద పోయి చూడు, పక్కగాలి అంటే ఏమిటో ఒంటికే తెలుస్తుంది. గాలి పక్క నుంచి కొడితే ఒకరి వెనక ఒకరు నిలబడితే లాభం లేదు, ఏటవాలు వరుస కట్టాలి. రోడ్డు వెడల్పు ఉన్నంతవరకే ఆ వరుస. పదీ పన్నెండు మంది పట్టాక మిగతావాళ్లు రోడ్డు అంచున ఒంటి వరుసలో పడతారు, గాలి మొత్తం వాళ్ల మీదే. ఒకడు రెండు మీటర్లు వెనకబడితే చాలు, వాడి వెనకున్నవాళ్లంతా తెగిపోతారు. బలమైన టీమ్ కావాలనే అట్లాంటి చోట వేగం పెంచుతుంది. చెట్లు లేని బయలు రోడ్డు, గాలి దిశ రోడ్డుకు అడ్డం, వేగం గంటకు 30 కిలోమీటర్ల పైన ఉందంటే, ప్రొఫైల్ బల్లలా చదునుగా ఉన్నా ఆరోజు పెద్ద పేర్లు నిమిషాలు పోగొట్టుకోవచ్చు.

రేస్ నడిచేటప్పుడు అందరూ తడబడేది ముందు పారిపోయిన గుంపును పట్టుకుంటారా లేదా అన్నదాంట్లో. టీవీలో మాటలు చెప్పిన రోబేర్ షపాత్ పేరుతో ఒక పాత లెక్క ఉంది: పెద్ద గుంపు మనసు పెట్టి తరిమితే పది కిలోమీటర్లకు ఒక నిమిషం తగ్గిస్తుంది. 30 కిలోమీటర్లుండగా రెండు నిమిషాల తేడా ఉంటే పట్టుకుంటారు, నాలుగున్నర ఉంటే వదిలేసుకోవాల్సిందే. చదును రోడ్డులోనే ఈ లెక్క చెల్లుతుంది. తరిమేదెవరో కూడా చూడు. గుంపు ముందర స్ప్రింటర్ల టీమ్‌లు మూడైనా కలిసి పనిచేస్తుంటే పట్టుకుంటారు. ఒకే టీమ్ ఒంటరిగా లాగుతుంటే అలిసిపోతుంది. పారిపోయిన వాళ్లలో మొత్తం టైంలో అయిదు నిమిషాల్లోపు వెనకున్నవాడు ఒక్కడున్నా పసుపు జెర్సీ టీమ్ వదలదు. అందరూ పాతిక నిమిషాలు వెనకున్నవాళ్లే అయితే వాళ్లను పట్టించుకునేవాడు ఉండడు.

మొదటి వారం కాళ్లు తాజాగా ఉంటాయి, స్ప్రింటర్లు ఇళ్లకు పోలేదు, చదును రోజుల్లో పట్టుబడటం ఖాయం. మూడో వారానికి సహాయకులు అలిసిపోతారు, కొందరు పడిపోయి వెళ్లిపోయి ఉంటారు, అప్పుడు బ్రేక్‌అవేల మీద ఎక్కువ నమ్మకం పెట్టుకోవచ్చు. బ్రేక్‌అవేలో ఎవరుంటారని ఊహించాలంటే నిన్నటి ఫలితం కింది భాగం చదువు. బాగా కొండలెక్కేవాడు నిన్న ఆఖరి కొండ మీద స్ప్రింటర్లతో కలిసి పావుగంట ఆలస్యంగా వచ్చాడంటే, ఒంట్లో బాగాలేదన్నా కావాలి, కాళ్లు దాచుకుని రేపటికి సిద్ధమవుతున్నాడన్నా కావాలి. టీమ్ వార్తల్లో జబ్బు మాట లేకపోతే రెండోదే. మీలో ఎవరూ ఆ పేరు రాయరు, నువ్వు రాయి.

స్ప్రింట్ రోజుల్లో వేగమొక్కటే చూడొద్దు. చివరి కిలోమీటర్లో స్ప్రింటర్ ముందు తన టీమ్ వాళ్లు ఎందరు మిగిలారో లెక్కపెట్టు. ఇద్దరు ఉంటే మంచిది. ఆఖరివాడు 200 మీటర్ల దగ్గర పక్కకు తప్పుకోవాలి. ఇంకా ముందే తప్పుకుంటే వెనకవాడికి గాలి ఎక్కువసేపు తగిలి గీతకు ముందే ఊపిరి పోతుంది. ఆఖరి 500 మీటర్లలో మలుపుంటే అందులోకి మొదట దిగినవాడిదే రోజు.

పడటం అనేది ఎవరి చేతుల్లోనూ లేదు. 2025లో ఫిలిప్సెన్ అనే స్ప్రింటర్ మొదటి రోజు లీల్‌లో గెలిచి పసుపు వేసుకున్నాడు. మూడో రోజు ఆకుపచ్చ జెర్సీలో ఉండగా, దారి మధ్య స్ప్రింట్ పాయింట్ల దగ్గర పడి, కాలర్ ఎముక విరిగి ఇంటికి పోయాడు. చివరికి ఆకుపచ్చ మిలాన్ అనే ఇంకో స్ప్రింటర్‌కు దక్కింది. మూడు వారాల ఊహకు ఒకే పేరు మీద మొత్తం పెట్టొద్దని చెప్పడం ఇందుకే. చదును స్టేజ్ చివర్లో పడితే టైం పోదు. ఆఖరి మూడు కిలోమీటర్లలో పడినా, సైకిల్ చెడినా, ఆ క్షణానికి ఏ గుంపులో ఉన్నాడో ఆ గుంపు టైమే ఇస్తారు. కొన్ని స్టేజ్‌లకు ఆ హద్దును అయిదు కిలోమీటర్ల దాకా పెంచుతున్నారు. కొండ మీద ముగిసే రోజు మాత్రం ఈ దయ లేదు.

పసుపు జెర్సీ ఊహలో గెలిచేవాడి పేరుతోపాటు ఎంత తేడాతో అన్నది కూడా రాయించు. 1989లో లెమాండ్ ఆఖరి రోజుకు 50 సెకన్లు వెనక ఉన్నాడు. వెర్సాయ్ నుంచి పారిస్ దాకా 24.5 కిలోమీటర్ల టైమ్ ట్రయల్లో, అంటే ఒక్కొక్కరూ విడిగా గడియారంతో పోటీపడే స్టేజ్‌లో, ముందున్న ఫిన్యోన్‌ను దాటి మొత్తం మీద ఎనిమిది సెకన్లతో టూర్ గెలిచాడు. 2020లో ఆఖరికి ముందు రోజు రోగ్లిచ్ 57 సెకన్లు ముందున్నాడు, కొండ మీద ముగిసే టైమ్ ట్రయల్ అయ్యేసరికి పొగాచార్ 59 సెకన్లు ముందున్నాడు. 2022లో అదే పొగాచార్ పసుపు వేసుకుని గ్రానోన్ కొండ ఎక్కుతూ వింగెగోర్‌కు రెండు నిమిషాల 51 సెకన్లు ఇచ్చేశాడు. ఆరోజు అంతకు ముందొచ్చే గాలిబియే కొండ దగ్గర నుంచే వింగెగోర్ టీమ్ వాళ్లు వంతులు వేసుకుని దాడి చేశారు, పొగాచార్ ప్రతిదానికీ తనే బదులిచ్చాడు, చివరి కొండకు కాళ్లలో ఏమీ మిగల్లేదు. ఆఖరి కొండకు ముందు అతని పక్కన సొంత టీమ్ వాళ్లు ఎందరున్నారో చూసినవాడికి అది ముందే అర్థమై ఉండేది.

సెకన్లు చిన్నవనుకోవద్దు. మామూలు స్టేజ్‌ల్లో మొదటి ముగ్గురికి పది, ఆరు, నాలుగు సెకన్లు తగ్గిస్తారు. టైమ్ ట్రయల్‌లో ఆ బోనస్ లేదు.

ఇప్పుడు మీ ఆట. రోజుకు ఒక్కొక్కరు పది పాయింట్లు పెట్టండి, ఎనిమిది మందివి కలిపి 80. గెలిచేవాడి పేరు సరిగ్గా రాసినవాళ్లు ఆ 80 పంచుకుంటారు. ఎవరూ చెప్పకపోతే మర్నాటికి కలుస్తుంది. ఇందులో ఉన్న మేలు చూడు. కొండ రోజున ఆరుగురు పొగాచార్‌ను రాసి అతనే గెలిస్తే తలా 13 పాయింట్లు, పెట్టిన పది పోను మిగిలేది మూడే. బ్రేక్‌అవేలో ఒకడిని ఒంటరిగా రాసిన పిల్లాడికి మొత్తం 80. అందరూ రాసే పేరు ఎంత నిజమైనా లాభం కాదన్న లెక్క మీకు రెండు రోజుల్లోనే ఒంటబడుతుంది. తోటివాళ్ల కాగితాలు చూసి రాయకుండా, అందరూ ఒకేసారి బయటపెట్టండి.

తగాదాలు రాకుండా నియమాలు ముందే గోడకు అంటించండి. పేర్లు ఇచ్చే గడువు మధ్యాహ్నం రెండు. ఫ్రాన్స్‌లో పన్నెండంటే జూలైలో మనకు మూడున్నర, పెద్ద కొండల రోజుల్లో ఇంకా ముందే బయల్దేరతారు. ఊరేగింపులా బయల్దేరిన చోటు నుంచి లెక్క ఉండదు, జెండా ఊపిన సున్నా కిలోమీటర్ దగ్గరే అసలు మొదలు. ఎంచుకున్నవాడు ఆరోజు బయల్దేరకపోతే పాయింట్లు వెనక్కి. బయల్దేరి పడిపోతే పోయినట్టే. గీత దాటిన వరుసను పట్టుకోవద్దు, న్యాయనిర్ణేతలు ఖరారు చేసిన ఫలితాన్నే తీసుకోండి. 2024లో దిజోన్ స్ప్రింట్‌లో రెండోవాడిగా వచ్చిన ఫిలిప్సెన్‌ను, వంకరగా తొక్కాడని తర్వాత వెనక్కి నెట్టారు. గెలిచినవాడే లేని రోజు కూడా ఉంటుంది. 2019లో వడగండ్లు, కొండచరియలు పడి ఇజెరాన్ కొండ దిగుతుండగా స్టేజ్ ఆపేశారు. టైంలు ఇజెరాన్ పైన తీసుకున్నారు, స్టేజ్ గెలుపు ఎవరికీ ఇవ్వలేదు. అట్లాంటప్పుడు అందరి పది వాళ్లకు తిరిగి ఇచ్చేయండి.

ఈ ఏటిది జూలై 4న బార్సిలోనాలో టీమ్ టైమ్ ట్రయల్‌తో (టీమ్ అంతా కలిసి తొక్కేది) మొదలవుతుంది. ఆరోజు మీ కాగితం మీద మనిషి పేరు వద్దు, టీమ్ పేరు రాయించు. విశ్రాంతి రోజులు 13, 20 తేదీలు. చదువులు అప్పుడు చూసుకోండి. 24, 25 తేదీల్లో వరుసగా రెండు రోజులు ఆల్ప్ దుయెజ్ మీదే ముగింపు, రెండో రోజు 2,642 మీటర్ల గాలిబియే దాటి వస్తారు. ఆ రెండింటికీ ఒకే పేరు రాయొద్దు. మొదటి రోజు గెలవడానికి ఒళ్లు పిండుకున్నవాడు రెండో రోజు కట్టాల్సి వస్తుంది, ఆ రెండో రోజుకు ముందే పారిపోయే గుంపును నమ్ము.

ఆఖరి రోజు పారిస్ సంగతి. చాలా ఏళ్లు అది షాంజెలిజే వీధి మీద స్ప్రింటర్ల పండగ. 2025లో మోమార్త్ర్ గుట్టను కలిపారు, వాన పడింది, వాన్ ఆర్ట్ ఆ ఎక్కుడులో అందరినీ వదిలించుకుని ఒంటరిగా గెలిచాడు. అలవాటు మీద స్ప్రింటర్ పేరు రాసినవాళ్ల పాయింట్లన్నీ పోయేవి. 26న మధ్యాహ్నం ముందు పారిస్ వాతావరణం, దారి పటం రెండూ చూసుకునే రాయి.

మొదటి వారం కాగితాలు ఫోటో తీసి పంపు, ఎక్కడ ఎందుకు తప్పిందో గుర్తులు పెట్టి తిప్పి పంపిస్తా. స్టేజ్‌లు మన తొమ్మిది గంటల వేళకు అయిపోతాయి, అప్పటిదాకా అన్నం తినకుండా కూర్చోవద్దు.

మీ చిన్నాయన