టెక్ సందేహాలు: అట్ట మీద ‘ఎ’ గ్రేడు, ప్యానెల్లో మరిచిన తాళంచెవి

ప్రశ్న: రాయగడలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. చేతికొచ్చిన డబ్బులో కొంత రెండు తయారీ కంపెనీల షేర్లలో పెట్టాను. జాగ్వార్ ల్యాండ్ రోవర్ ఫ్యాక్టరీలు సైబర్ దాడితో ఆగిపోయాయన్న వార్త చదివినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. మా అబ్బాయి ఏదో సైబర్ భద్రతా రేటింగ్ చూసి, నా కంపెనీల్లో ఒకదానికి ‘ఎ’, ఇంకోదానికి ‘సి’ వచ్చిందన్నాడు. రెండింటిలో ఏది గట్టిదో మాలాంటివాళ్లు తేల్చుకునే దారి ఉందా?

జవాబు: ఉంది మాస్టారూ. కాకపోతే ఆ దారి గ్రేడు దగ్గర మొదలవదు. షేర్లు ఉంచుకోవాలా అమ్ముకోవాలా అని మాత్రం నన్నడగకండి. ఆ విద్యే వస్తే వారం వారం ఇతరుల ప్రింటర్ల జబ్బులకు మందు రాస్తూ కూర్చునేవాణ్ని కాను.

రేటింగ్ సంస్థలు కంపెనీ గేటు దాటి లోపలికి వెళ్లవు. ఇంటర్నెట్‌లో నిలబడి చూస్తే కనిపించేవే లెక్కపెడతాయి. వెబ్‌సైటు సర్టిఫికెట్‌కు గడువు తీరిందా, సర్వర్‌లో పాత సాఫ్ట్‌వేర్ ఉందా, తెరిచి ఉండకూడని పోర్టు, అంటే నెట్‌వర్క్ ద్వారం, తెరిచి ఉందా, ఉద్యోగుల పాస్‌వర్డులు ఎక్కడైనా బయటపడ్డాయా, ఇలాంటివి. వాటన్నిటినీ కలిపి సెక్యూరిటీ స్కోర్‌కార్డ్ అనే సంస్థ ‘ఎ’ నుంచి ‘ఎఫ్’ వరకు ఒక అక్షరం వేస్తుంది. బిట్‌సైట్ అనే సంస్థ 250 నుంచి 900 లోపు ఒక అంకె ఇస్తుంది. ఇవి దండగ అనను. వాకిలి ఊడ్చుకోనివాళ్లు వంటిల్లు మాత్రం ఊడుస్తారా అనే అనుమానానికి పనికొస్తాయి. అయితే ఒకే ఫ్యాక్టరీ, నాలుగు పేజీల వెబ్‌సైటు ఉన్న కంపెనీకి బయట కనిపించేదే తక్కువ కాబట్టి తప్పు పట్టడానికి సరుకుండదు, మంచి గ్రేడు వచ్చేస్తుంది. నాలుగు దేశాల్లో బ్రాంచీలు పెట్టి, దారిలో ఇంకో రెండు కంపెనీలను కొని కలుపుకున్న సంస్థకు ఎక్కడో ఒక మూల మరక తప్పదు. మీరు నోటు పుస్తకం అట్ట చూసి లెక్కలకు మార్కులు వేసి ఉండరు కదా.

తయారీ కంపెనీకి అసలు లెక్కలు అట్ట లోపల, ప్లాంటు నెట్‌వర్క్‌లో ఉంటాయి. ఏ మోటారు ఎప్పుడు తిరగాలి, ఏ వాల్వు ఎంత తెరుచుకోవాలి అని ఆజ్ఞలిచ్చే పెట్టెలను పీఎల్‌సీలంటారు. ఆఫీసు కంప్యూటర్‌ను రాత్రికి రాత్రి అప్‌డేట్ చేసి పొద్దున్న మళ్లీ మొదలుపెట్టవచ్చు. కొలిమి దగ్గర అలా కుదరదు. అల్యూమినియం స్మెల్టర్‌కు కొన్ని గంటలపాటు కరెంటు పోతే ‘పాట్’లనే పెద్ద తొట్లలోని కరిగిన లోహం గడ్డకడుతుంది, మళ్లీ దారిలో పెట్టడానికి వారాలు, నెలలు పడుతుంది. అందుకే ప్లాంటు మనుషులు అప్‌డేట్ కోసం షట్‌డౌన్ దాకా ఆగుతారు. ప్లాంటులో పాత విండోస్ కనిపించిందని ఆ కంపెనీని కొట్టిపారేయకండి. ఆ పాత యంత్రానికీ ఆఫీసు ఈమెయిలుకూ మధ్య గోడ ఉందా, ఆ గోడలో ఎన్ని కన్నాలున్నాయి, వాటికి కాపలా ఎవరు అన్నది చూడాలి.

చాలా ఏళ్ల కిందట ఈ సరిహద్దు జిల్లాల్లోనే ఒక మిల్లు కంట్రోల్ రూములోకి వెళ్లే అవకాశం నాకు దొరికింది. పేరు చెప్పను. గేటు దగ్గర నా ఫోను తీసుకున్నారు, సంచి దులిపారు, రిజిస్టర్లో మూడుచోట్ల సంతకం పెట్టించారు. లోపలికెళ్తే ప్యానెల్ తలుపు బార్లా తెరిచి ఉంది. పీఎల్‌సీ ముఖాన చిన్న తాళం, అందులోనే తాళంచెవి, దానికి ఎర్రదారం, దారం చివర మజ్జిగౌరమ్మ బొమ్మ. తాళంచెవి ‘రన్’ వైపు ఉంటే నెట్‌వర్క్ లోంచి ప్రోగ్రామ్ మార్చడం కుదరదు. ‘రిమోట్’ వైపు ఉంటే కుదురుతుంది. అక్కడ అది ‘రిమోట్’ వైపే ఉంది, దాని మీద దుమ్ము కూడా పట్టింది. ‘‘తీసి బీరువాలో పెట్టరా?’’ అని అడిగాను. ‘‘తీస్తే పోతుందండీ, ఇదివరకు రెండు పోయాయి’’ అన్నాడు షిఫ్ట్ ఇన్‌చార్జి. అమ్మవారే కాపాడుతోందని అప్పుడు నవ్వుకున్నాను.

తర్వాత 2017లో సౌదీ అరేబియాలో ఒక పెట్రోకెమికల్ ప్లాంటు సంగతి బయటికొచ్చినప్పుడు నవ్వు రాలేదు. ప్రమాదం ముంచుకొస్తే ప్లాంటును ఆపాల్సిన భద్రతా కంట్రోలర్లలోకే ట్రైటన్ అనే మాల్‌వేర్‌ను, అంటే హాని చేసే సాఫ్ట్‌వేర్‌ను, ఎక్కించారు. వాటి తాళంచెవిని ‘ప్రోగ్రామ్’ స్థానంలో వదిలేయడం దాడి చేసినవాళ్లకు కలిసొచ్చింది. వాళ్ల తంతులో ఏదో పొరపాటు జరిగి కంట్రోలర్లు ప్లాంటును ఆపేయడంతో గుట్టు రట్టయింది. తాళంచెవి ఏ వైపు తిరిగి ఉందో ఇంటర్నెట్‌లోంచి చూసే రేటింగ్ సంస్థ ఏదీ లేదు మాస్టారూ.

మరి దేన్ని పోల్చాలి? నా లెక్కలో కొలవాల్సినది ఒక్కటే. దెబ్బ తగిలిన రోజున ఎన్నాళ్లు చేత్తో నెట్టుకురాగలరు, ఎన్నాళ్లకు లేచి నిలబడగలరు? నార్వే అల్యూమినియం కంపెనీ హైడ్రోను చూడండి. ఒకప్పుడు మన కాశీపూర్ ఉత్కళ్ అల్యూమినాలో భాగస్వామిగా చేరి, తర్వాత తప్పుకున్న కంపెనీయే. 2019 మార్చి 19న లాకర్‌గోగా అనే రాన్సమ్‌వేర్, అంటే డబ్బిస్తేనే వదిలే రకం మాల్‌వేర్, వాళ్ల కంప్యూటర్లను బిగించేసింది. 40 దేశాలు, 35,000 మంది ఉద్యోగులు. ‘నెట్‌వర్క్‌కు ఏదీ తగిలించవద్దు’ అని కాగితాల మీద రాసి తలుపులకు అంటించారు. డబ్బు చెల్లించేది లేదన్నారు, మొదటి రోజునే విలేకరులను పిలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పారు, బ్యాకప్‌ల నుంచి ఒక్కొక్కటీ లేపుకుంటూ వచ్చారు. లోహం కరిగించే స్మెల్టర్లను మనుషులు చేత్తో నడుపుకున్నారు. కిటికీ ఫ్రేముల్లాంటివి తయారుచేసే విభాగం మాత్రం బాగా దెబ్బతింది. మొదటి వారం నష్టమే 30 నుంచి 35 కోట్ల క్రోనర్లు. అంటే దాడిని ఆపలేకపోయారు, ఆ పరీక్షలో తప్పారు. తర్వాతి పరీక్షలో మాత్రం నేనైతే ఫస్ట్ క్లాసు ఇస్తాను.

జాగ్వార్ ల్యాండ్ రోవర్‌లో 2025 సెప్టెంబర్ మొదట ఆగిన ఉత్పత్తి అక్టోబర్ 8 నుంచి గానీ మెల్లగా మొదలవలేదు. బ్రిటన్ ప్రభుత్వం 150 కోట్ల పౌండ్ల అప్పుకు హామీగా నిలబడాల్సి వచ్చింది. దేశం మొత్తం మీద నష్టం 190 కోట్ల పౌండ్లని, 5,000కు పైగా సంస్థలకు సెగ తగిలిందని అక్కడి సైబర్ మానిటరింగ్ సెంటర్ అంచనా వేసింది. అయితే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి హైడ్రో గొప్పదనడం అన్యాయం. లైను మీద వచ్చే ఒక్కో కారుకు సీటు రంగు వేరు, ఇంజన్ వేరు, ఏ భాగం ఏ నిమిషానికి రావాలో కంప్యూటర్ చెబితే తప్ప తెలియదు. కాగితం చూసి కడ్డీలు పోయవచ్చు గానీ కార్లు బిగించలేరు. మీ రెండు కంపెనీలూ ఒకే రకం సరుకు చేస్తాయా అని ముందు చూసుకోండి. ఒకటి సిమెంటు, ఇంకోటి కార్ల విడిభాగాలు అయితే పోలికే తప్పు.

ఇక మీరు ఇంట్లో కూర్చుని చేయగలిగిన పని. మార్కెట్ విలువలో మొదటి 1,000 లిస్టెడ్ కంపెనీలు వార్షిక నివేదికతో పాటు బీఆర్‌ఎస్‌ఆర్ అనే పత్రం (వ్యాపార బాధ్యత, సుస్థిరతల నివేదిక) ఇవ్వాలని సెబీ నియమం. 2022-23 నుంచి అది తప్పనిసరి. అందులో తొమ్మిదో సూత్రం కింద సైబర్ విధానం ఉందా, డేటా బయటికి పోయిన ఘటనలు ఎన్ని అని అడుగుతారు. రెండు కంపెనీల్లోనూ ‘సున్నా’ కనిపించే అవకాశమే ఎక్కువ. సున్నాను చూసి మురిసిపోకండి. చూడనివాడికీ సున్నాయే కనిపిస్తుంది. పైగా ఆ గడి డేటా సంగతే అడుగుతుంది, లైను ఎన్ని గంటలు ఆగిందో అడగదు. ‘రెండు ఘటనలు, ఇదీ కారణం, ఇదీ దిద్దుబాటు’ అని రాసిన కంపెనీ ఉంటే నేను దానివైపే మొగ్గుతాను.

సర్టిఫికెట్లను కూడా కాస్త అనుమానంగానే చదవండి. సమాచార భద్రతకు ఇచ్చే ఐఎస్ఓ 27001 ఉందని గొప్పగా వేసుకుంటారు. ఆ సర్టిఫికెట్‌లో ‘స్కోప్’ అని ఒక పంక్తి ఉంటుంది. ముంబై హెడ్డాఫీసు, డేటా సెంటర్ అని మాత్రమే ఉండి, ప్లాంటు ఊసే లేకపోతే పైన పటారం, లోన లొటారం. ఫ్యాక్టరీ యంత్రాల కోసమే పుట్టిన ప్రమాణం వేరే ఉంది, ఐఈసీ 62443. ప్లాంటును మండలాలుగా విడగొట్టి, ఒకదాని నుంచి ఇంకోదానికి వెళ్లే దారులను కట్టడి చేయమంటుంది. భద్రతకు ఒకటి నుంచి నాలుగు దాకా స్థాయులు పెడుతుంది. ఏ కంపెనీ నివేదికలో 62443 అనే అంకె కనిపిస్తుందో అక్కడ ప్లాంటు గురించి ఆలోచించే మనిషి ఒకరైనా ఉన్నట్టు.

చివరిది, అన్నిటికన్నా పదునైనది. వాటాదారుగా మీకు వార్షిక సమావేశంలో ప్రశ్న వేసే హక్కుంది. చాలా కంపెనీలు సమావేశాన్ని వీడియోలో పెడుతున్నాయి కాబట్టి, ముందుగా పేరు నమోదు చేసుకుంటే రాయగడ నుంచే మాట్లాడవచ్చు. ‘‘ప్లాంటు కంట్రోల్ సిస్టమ్‌ను బ్యాకప్ నుంచి లేపి చూసిన చివరి తేదీ ఏది? ఎన్ని గంటలు పట్టింది?’’ అని అడగండి. తేదీ, గంటలు చెబితే మార్కులు వేయండి. ‘‘ప్రపంచ స్థాయి ప్రమాణాలు పాటిస్తున్నాం’’ అంటే ఎన్ని మార్కులు వేయాలో మీకు నేను నేర్పక్కర్లేదు.

ప్రశ్న: జయపురంలో మాకు చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. కన్వేయర్ రోలర్లు, చూట్లు చేసి పెద్ద ఫ్యాక్టరీలకు ఇస్తాం. ఒక ఫ్యాక్టరీ ఈసారి ఆర్డరుతో పాటు 60 ప్రశ్నల సైబర్ ఫారం పంపింది. మా దగ్గరున్నవి మూడు కంప్యూటర్లు. కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషిన్‌ది విండోస్ 7. అన్నిటికీ ‘అవును’ అని టిక్ పెట్టి పంపేస్తే పోదా?

జవాబు: పోదు. వాళ్లు మిమ్మల్ని విసిగించడానికి పంపలేదు. 2022 మార్చి 1న టొయోటా జపాన్‌లోని తన 14 ఫ్యాక్టరీల్లో 28 లైన్లను ఒక రోజు ఆపింది. సుమారు 13,000 కార్లు వెనకబడ్డాయి. దాడి టొయోటా మీద జరగలేదు, ప్లాస్టిక్ భాగాలు సరఫరా చేసే కొజిమా మీద జరిగింది. అక్కడికి కూడా దానికింద ఉన్న చిన్న కంపెనీ వాడే రిమోట్ కనెక్షన్ పరికరంలోంచి దొంగలు దూరారు. ఆ వరసలో చిట్టచివర ఉన్నది మీలాంటి షెడ్డే.

లేనివాటికి ‘లేదు’ అనే రాయండి. పక్కన ‘ఫలానా తేదీలోపు చేస్తాం’ అని రాయండి. అబద్ధపు టిక్ రేపు గొడవైతే మీ సంతకంతో సహా బయటికొస్తుంది. విండోస్ 7కు 2020 జనవరిలోనే మద్దతు ఆగిపోయింది, అయినా మెషిన్ నడిచినన్నాళ్లు నడుస్తుంది. దాని నెట్ కేబుల్ పీకేయండి. డ్రాయింగులు ఎక్కించడానికి ఒక్క పెన్‌డ్రైవ్ పక్కన పెట్టి, దాని మీద పెయింటుతో గుర్తు వేసి, ఆఫీసు కంప్యూటర్‌లో స్కాన్ చేశాకే మెషిన్‌కు పెట్టండి. 2018 ఆగస్టులో తైవాన్ చిప్పుల కంపెనీ టీఎస్ఎంసీ ప్లాంట్లు ఆగినదీ ఇందుకే. కొత్తగా తెచ్చిన యంత్రాన్ని వైరస్ పరీక్ష చేయకుండా నెట్‌వర్క్‌కు తగిలించారు. మీ సీఎన్‌సీ పారామీటర్లు, ప్రోగ్రాముల కాపీ ఒకటి షెడ్డులో కాకుండా ఇంట్లో ఉంచండి, ట్యాలీ బ్యాకప్ కూడా. సర్వీసు ఇంజనీరు వచ్చినప్పుడు వేసిన రిమోట్ సాఫ్ట్‌వేర్ ఇంకా ఉంటే తీసేయండి. మళ్లీ అవసరమైతే మళ్లీ వేసుకుంటాడు.

ఇంకో మాట. ఏదైనా దాడి జరిగితే తెలిసిన ఆరు గంటల్లోపు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలియజేయాలన్న 2022 నాటి ఆదేశం మీకూ వర్తిస్తుంది. ఆ ఈమెయిలు చిరునామాను గోడకు అంటించి పెట్టుకోండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. చిన్న యూనిట్లకు నిజంగా డబ్బు పోయేది ‘మా బ్యాంకు ఖాతా మారింది’ అని వచ్చే దొంగ ఈమెయిలుతో. ఖాతా మార్పు అంటే పాత నంబరుకు మీరే ఫోన్ చేసి గొంతు విన్నాకే నమ్మండి. సరదాకి, మీకు ఫారం పంపిన ఫ్యాక్టరీ డొమైన్ పేరును (ఈమెయిలు చిరునామాలో @ తర్వాత ఉండేది) ఉచిత డీమార్క్ చెకర్‌లో కొట్టి చూడండి. డీమార్క్ అంటే ఇతరుల పేరుతో వచ్చే ఈమెయిళ్లను ఏం చేయాలో చెప్పే ఏర్పాటు. ‘రిజెక్ట్’ అని వస్తే వాళ్ల పేరుతో దొంగ ఈమెయిళ్లు పంపడం కష్టం. ‘నన్’ అని వస్తే 61వ ప్రశ్న మీరే వాళ్లకు వేయవచ్చు.

ప్రశ్న: మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా నుంచి రాస్తున్నాను. మావారు ఒక ఫ్యాక్టరీ కంట్రోల్ రూములో పని చేస్తారు. అక్కడ దిగిన ఫోటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెడతారు. ప్రమాదమా?

జవాబు: అమ్మా, ఆ ఫోటోను పెద్దది చేసి వెనకాల స్క్రీను చూడండి. సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్, ఒక్కోసారి మానిటర్ అంచుకు అంటించిన పాస్‌వర్డ్ చీటీ కూడా చదవగలిగేలా ఉంటాయి. స్టేటస్ 24 గంటల్లో పోతుంది గానీ స్క్రీన్‌షాట్ పోదు. గోడ వైపు తిరిగి దిగమనండి.

ప్రశ్న: గుణుపురంలో ఇన్‌స్ట్రుమెంటేషన్ డిప్లొమా చదువుతున్నాను. ఫ్యాక్టరీల సైబర్ భద్రతలోకి వెళ్లాలని ఉంది. ఒక ఇన్‌స్టిట్యూట్ లక్ష రూపాయల ఫీజు అడుగుతోంది. చేరమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. నీకున్న డిప్లొమాయే ఈ రంగంలో పెద్ద పెట్టుబడి. హ్యాకింగ్ నేర్చుకున్నవాళ్లు బోలెడుమంది, వాల్వు అంటే ఏమిటో తెలిసినవాళ్లు తక్కువ. ఓపెన్‌పీఎల్‌సీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను పాత ల్యాప్‌టాప్‌లో వేసి, నీళ్ల ట్యాంకు నింపే చిన్న ప్రోగ్రామ్ రాయి. నెట్‌వర్క్‌లో పోయే సందేశాలను చూపించే వైర్‌షార్క్, అది కూడా ఉచితమే, తెరిచి ఆ ల్యాప్‌టాప్ నుంచి పోయే మోడ్‌బస్ సందేశాలను చదువు. ఫ్యాక్టరీ యంత్రాలు మాట్లాడుకునే భాష అయిన మోడ్‌బస్ 1979లో పుట్టింది. అందులో ‘నువ్వెవరు’ అని అడిగే ఏర్పాటే లేదు, ఎవరు ఆజ్ఞ ఇస్తే వాళ్ల మాట వింటుంది. అది నీ కళ్లతో చూశాక, అమెరికా సైబర్ సంస్థ సీసా ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇచ్చే పారిశ్రామిక కంట్రోల్ భద్రత పాఠాలు మొదలుపెట్టు. ట్యాంకు పొంగిపొర్లేలా నీ ప్రోగ్రామ్‌ను బయటి నుంచి నువ్వే మోసం చేయగలిగిన రోజున నాకు మళ్లీ ఉత్తరం రాయి. ఫీజు సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.