కష్టం మీదే, మరి గంటలు ఎవరివి?

ప్రశ్న: మేడమ్, పన్నెండేళ్లుగా ఇంట్లోనే జాకెట్లు కుడుతున్నాను. పొద్దున పిల్లల్ని బడికి పంపి మెషిన్ మీద కూర్చుంటే రాత్రి పదకొండుకి లేస్తాను, పండగల సీజన్‌లో అయితే ఒంటిగంట. పనితనం బాగుందనే అందరూ అంటారు, బేరాలకు లోటు లేదు. అయినా ఖర్చులు పోగా నెలకు పదివేలు మిగలడం గగనం. మా వీధి చివర నాకన్నా వెనక మొదలుపెట్టినావిడ షాపు తీసి ఇద్దరు పనివాళ్లను పెట్టుకుంది. కష్టపడితే పైకొస్తారంటారు కదా, ఇంతకన్నా ఎలా కష్టపడాలి?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ఇంతకన్నా కష్టపడొద్దమ్మా. ఇప్పటికే మీరు పడుతున్నది ఇద్దరి కష్టం. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎన్ని గంటలు కూర్చుంటున్నారో రాశారు గానీ ఆ గంటల్లో ఏ పనికి ఎంతసేపు పోతోందో రాయలేదు. చిక్కు అక్కడే ఉందని నా అనుమానం.

చింతకింది మల్లేశం గారి సంగతి వినే ఉంటారు. ఆలేరు దగ్గర శారాజీపేట ఆయనది, 2017లో పద్మశ్రీ వచ్చింది. పోచంపల్లి రకం చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి, అంటే అర్ధచంద్రాకారంలో వరసగా దిగ్గొట్టిన పుల్లల చుట్టూ దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పుతూ చుట్టాలి, దానికి చిటికీలు కట్టి, అంటే రంగు అంటకూడని చోట గట్టిగా ముడులు బిగించి, రంగులద్దడం ఆ తర్వాత సంగతి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు తిరగాలి, రోజుకు రెండు చీరలైతే 18,000. ఇది ఎక్కువగా ఆడవాళ్ల మీద పడే పని, వాళ్లింట్లో తల్లి లక్ష్మి గారు చేసేవారు. ఈ కథ చెప్పేవాళ్లంతా కొడుకు పట్టుదల గురించే చెబుతారు, నాకు మాత్రం ముందు ఆ తల్లే గుర్తొస్తుంది. ఎందుకంటే ఒళ్లు హూనం చేసుకున్నది ఆవిడ, దానికి ఆవిడకు దక్కింది భుజాల నొప్పి. బడి మధ్యలోనే మానేసిన ఆ కుర్రాడు, ఈ చెయ్యి ఇన్నిసార్లు తిరగకుండా పని జరగదా అని 1992లో మొదలుపెట్టాడు, యంత్రం పూర్తయ్యేసరికి 1999 అయింది. మధ్యలో చేతిలో డబ్బు లేక హైదరాబాద్ వచ్చి కూలి పని చేసుకుంటూ ఒక్కొక్క భాగం తయారు చేసుకున్నాడు. చివర్లో ఒక కదలిక ఎంతకీ కుదరక ఆగిపోయి ఉంటే, బాలానగర్‌లో పనికి వెళ్లినచోట వేరే ఏదో మెషిన్‌లో సరిగ్గా ఆ కదలికే కనిపించిందట! చేత్తో అయిదారు గంటలు పట్టే ఆసు ఆ యంత్రం మీద గంటన్నరలో అయిపోతుంది. దానికి అమ్మ పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రమని.

ఏడేళ్లు మీరు ఆగక్కర్లేదు లెండి, ఒక వారం చాలు. మెషిన్ పక్కన చిన్న నోట్‌బుక్ పెట్టుకుని ఏ పని ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు అయిపోయింది, గడియారం చూసి రాయండి. మా మేనత్త జాకెట్లు కుట్టేది, సంక్రాంతి ముందురోజు అర్ధరాత్రి బల్బు కింద హుక్సులు కుడుతూ కునికిపాట్లు పడుతుంటే నేను దారం ఎక్కించి ఇచ్చేదాన్ని. ఆవిడంత కటింగ్ మా ఊళ్లో ఎవరికీ వచ్చేది కాదు. కానీ ఇప్పుడు తలుచుకుంటే ఆవిడ రోజులో కత్తెర పట్టింది ఏపాటి, మిగతాదంతా కాజాలు, హెమ్మింగ్, చీరలకు ఫాల్, "ఈ ఒక్క కుట్టు వేసిపెట్టవా వదినా" అని వచ్చేవాళ్ల చాకిరీ, దానికి పైసా లేదు.

మీ నోట్‌బుక్‌లోనూ అదే తేలుతుందని అనుకుంటున్నాను. కటింగ్, మెడ తిప్పడం, చేతులు అతకడం మీ చేతి పని, అది ఎవరికీ ఇవ్వకండి. హుక్సులు, హెమ్మింగ్ పక్కింటి అమ్మాయికి పీసుకి ఇంతని ఇచ్చేయండి. రోజుకు రెండు గంటలు మిగిలినా అందులో ఇంకో జాకెట్ లేస్తుంది, ఆ అమ్మాయికి ఇచ్చినది పోగా మీకే లాభం. తరచుగా వచ్చేవాళ్లవి ఆది జాకెట్ పెట్టి ప్రతిసారీ కొలవకుండా, ఒకసారి పేపర్ కటింగ్ చేసి పేరు రాసి కవర్లో పెట్టుకోండి, ఒళ్లు వచ్చినా తగ్గినా వాళ్లే చెబుతారు. సగం డబ్బు ముందే తీసుకోండి. కుట్టించుకుని ఏడాదైనా పట్టుకెళ్లని జాకెట్లు మీ బీరువాలోనూ అరడజనన్నా ఉంటాయి, పందెం. రేటు ఎప్పుడు పెంచారో కూడా గుర్తు చేసుకోండి.

ఇక ఆ వీధి చివరావిడ. షాపు అడ్వాన్స్ ఆవిడ కుట్టుకూలిలోంచి కట్టిందో, పుట్టింటివాళ్లు ఇచ్చారో మనకేం తెలుసు? ఆవిడ గురించి వదిలేయండి. లేదా వెళ్లి అడగండి, చాలామంది అడిగితే చెబుతారు.

ప్రశ్న: మావాడు ఇంటర్ రెండోసారి తప్పాడు. కష్టపడే గుణమే లేదు. ఏం చేయాలి?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఏ సబ్జెక్టులు తప్పాడో మీరు రాయలేదు. తెలుసా మీకు? కోపగించుకోకండి, చాలా ఇళ్లల్లో తెలియదు.

తర్వాత పెద్ద శాస్త్రవేత్త అయిన యల్లాప్రగడ సుబ్బారావు గారు కూడా మెట్రిక్ రెండుసార్లు తప్పారు, మూడోసారి గట్టెక్కారు. అంతకుముందు చిన్నప్పుడు కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుందామని ఇంట్లోంచి పారిపోతే పట్టుకొచ్చారు. ఆ కుర్రాడే డాక్టరై అమెరికా వెళ్లి, బతుకుతెరువు కోసం ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల బెడ్‌పాన్‌లు కడిగి, పగలు చదువుకున్నాడు. కొన్నేళ్లకే, 1925లో, రక్తంలో ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి సైరస్ ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి కనిపెట్టాడు. అయితే ఒకటి, ఆయన ఓడ ఎక్కడానికి డబ్బు ఊరికే రాలేదు. మామగారు సాయం చేశారు, కాకినాడ సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఆదుకుంది. చదువు కోసం తల్లి నగలు అమ్మింది. ఆయన సొంతంగా పైకొచ్చాడన్నది నిజమే, ఆ మెట్టు దగ్గర ఎవరో ఒకరు చెయ్యి ఇచ్చారన్నదీ నిజమే.

అందుకని ముందు మార్కుల మెమో తీసుకుని వాడి పక్కన కూర్చోండి, ఎదురుగా కాదు. ఒక్క లెక్కల్లోనే పోయుంటే అది గుణం సమస్య కాదు, ఎప్పుడో ఎనిమిదో తరగతిలో అర్థంకాక వదిలేసిన చోటు. అక్కణ్నుంచి మళ్లీ చెప్పించండి. అన్నీ పోయుంటే, చదువు కాకుండా వాడు గంటలు మర్చిపోయి చేసే పని ఏముందో చూడండి. ఫోన్ అంటారని తెలుసు, ఫోన్ కాకుండా.

ప్రశ్న: ఉద్యోగం మానేసి టిఫిన్ బండి పెడదామని ఏడాదిగా అనుకుంటున్నా. ధైర్యం చాలడం లేదు.
– ఒక సేల్స్‌మన్, అనంతపురం

జవాబు: ధైర్యం కూడగట్టుకుని రేపే మానేస్తారేమోనని నా భయం. మానకండి. రెండు నెలలపాటు ఆదివారాలు మాత్రమే పెట్టండి, బండి అద్దెకు దొరుకుతుంది. పొద్దున ఎన్ని ప్లేట్లు పోయాయో ఎలాగూ లెక్కపెడతారు, తొమ్మిదింటికి గిన్నెలో ఎంత పిండి మిగిలిందో అది కూడా రాసుకోండి. ఎనిమిది ఆదివారాల కాగితం ఒక్కటీ పారేయకుండా నాకు పంపండి, అప్పుడు మాట్లాడుకుందాం. ఈలోగా పల్లీ చట్నీ ఇంకోసారి అడిగినవాళ్లకు లేదనకండి.