ఒకే అసర్షన్లను అనేక యూనిట్ టెస్టుల్లో వాడుకోవడానికి బేస్ క్లాసు మేలా, విడి ఫంక్షన్లు మేలా?

పైథాన్ ప్రోగ్రామ్‌లను పరీక్షించే పైటెస్ట్ అనే సాధనంతో రాసిన టెస్టు ఫైళ్ళన్నింటిలో ఒకే అసర్షన్లు (ఫలితం అనుకున్నట్టే ఉందా అని చూసే తనిఖీలు) పదే పదే వస్తున్నాయనీ, వాటిని ఒక బేస్ క్లాసులో పెట్టి మిగిలిన క్లాసులను దాని నుంచి ఇన్హెరిట్ చేయవచ్చా (అంటే దానిలోని కోడ్ వాటికీ వచ్చేలా చేయవచ్చా) అనీ మీరు అడిగారు. చేయవచ్చు గాని, నా అనుభవాన్ని బట్టి వద్దనే చెబుతాను. వాటిని ఒక ప్రత్యేక మాడ్యూల్‌లో, అంటే విడి పైథాన్ ఫైలులో, మామూలు ఫంక్షన్లుగా రాసుకోండి.

జీఎస్టీ ఇన్వాయిస్‌లు తయారుచేసే ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌పై పనిచేసినప్పుడు మేము మొదట బేస్ క్లాసునే నమ్ముకున్నాము. రాష్ట్రం లోపలి అమ్మకమైతే సీజీఎస్టీ (కేంద్రం పన్ను), ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం పన్ను) సమానంగా ఉండి ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలపై పన్ను) సున్నా కావాలి. వేరే రాష్ట్రానికి అమ్మితే ఐజీఎస్టీ ఒక్కటే ఉండాలి. ఈ తనిఖీ దాదాపు ప్రతి టెస్టుకూ కావలసినదే. అయితే కొన్ని నెలలు గడిచేసరికి అదే క్లాసులోకి డేటాబేస్ సెటప్ కూడా వచ్చి చేరింది. దానితో రెండు అంకెలను పోల్చే చిన్న టెస్టు కూడా డేటాబేస్ సిద్ధమయ్యేదాకా ఆగవలసి వచ్చేది.

ఫంక్షన్లుగా విడదీసిన తరువాత మరో ఇబ్బంది ఎదురైంది. టెస్టు విఫలమైతే ఏ విలువకు బదులు ఏ విలువ వచ్చిందో కనిపించడం మానేసింది. టెస్టు ఫైళ్ళను లోడ్ చేసేటప్పుడు వాటిలోని అసర్ట్ వాక్యాలను పైటెస్ట్ తిరగరాస్తుంది కాబట్టే మనకు ఆ వివరాలు దొరుకుతాయి. మనం విడిగా పెట్టుకున్న మాడ్యూల్‌కు మాత్రం ఆ పని దానంతట అది చేయదు. అందుకని పైటెస్ట్ సెట్టింగులు పెట్టుకునే కాన్‌ఫ్‌టెస్ట్ ఫైలులో, ఆ మాడ్యూల్ ఇంపోర్ట్ కావడానికి ముందే, రిజిస్టర్_అసర్ట్_రీరైట్ అనే పైటెస్ట్ ఫంక్షన్‌కు దాని పేరు ఇవ్వాలి. ఈ క్రమం తప్పితే ఫలితం ఉండదు. అలాగే ప్రతి తనిఖీ ఫంక్షన్‌లో, ముందూ వెనుకా రెండేసి అండర్‌స్కోర్లతో ట్రేస్‌బ్యాక్‌హైడ్ అనే లోకల్ వేరియబుల్‌ను ట్రూగా పెడితే, ట్రేస్‌బ్యాక్ (తప్పు ఏ వరుసలో జరిగిందో చూపే నివేదిక) ఆ ఫంక్షన్ లోపలి వరుసను వదిలేసి, దానిని పిలిచిన టెస్టులోని వరుసనే చూపిస్తుంది.

అన్నింటికంటే ముఖ్యంగా, ఉండవలసిన విలువను ఆ ఉమ్మడి ఫంక్షన్ తానే లెక్కగట్టకూడదు. మా ఫంక్షన్ అసలు ప్రోగ్రామ్ వాడే రేట్ల పట్టికనే చదివి పన్ను ఎంత రావాలో తేల్చేది. 2025 సెప్టెంబర్ 22న నెయ్యిపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు ఆ పట్టికలో నెయ్యి వరుసను మార్చడం మరిచిపోయాము. ఇన్వాయిస్ 12 శాతం వేసింది, తనిఖీ కూడా 12 శాతమే ఆశించింది, టెస్టులన్నీ పాసయ్యాయి. లెక్కలు చూసే ఒక ఉద్యోగి బిల్లును చేత్తో సరిచూసేదాకా ఆ తప్పు బయటపడలేదు.

ఇప్పుడు మా ఫంక్షన్ ఇన్వాయిస్‌తో పాటు మూడు పన్నుల మొత్తాలనూ, దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే ఫ్లోట్‌గా కాకుండా కచ్చితంగా దాచే డెసిమల్‌గా, టెస్టు నుంచే తీసుకుంటుంది. రాష్ట్రం లోపల 1,000 రూపాయల నెయ్యి అమ్మితే 25, 25, సున్నా అని ఆ టెస్టులోనే రాసి ఉంటుంది.