కంప్యూటర్‌లో ఫ్యాన్లు తిరుగుతున్నా డిస్‌ప్లే రాకపోతే బోర్డు పోయినట్టేనా?

కంప్యూటర్ ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మానిటర్ మాత్రం 'నో సిగ్నల్' అంటోంది, షాపతను మదర్‌బోర్డు (లోపలి ప్రధాన బోర్డు) మార్చాలన్నాడు అని రాశారు. అప్పుడే ఒప్పుకోకండి. ముందు అనుమానించాల్సింది ర్యామ్‌ని, అంటే బోర్డు మీద నిలువుగా గుచ్చే మెమరీ స్టిక్కుని.

పవర్ కేబుల్ పీకేసి, స్టార్ట్ బటన్ 10 సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన చార్జి దిగిపోతుంది. ర్యామ్ తీసి, అంచున ఉండే బంగారు రంగు గీతల్ని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దండి. రబ్బరు పొట్టు ర్యామ్ గుచ్చే స్లాట్‌లో పడితే కొత్త తలనొప్పి, బయటే దులపండి. తిరిగి పెట్టేటప్పుడు టక్కుమని శబ్దం రావాలి. స్టిక్కులు రెండుంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి. ప్రాసెసర్ పక్కన 4 లేదా 8 పిన్నుల పవర్ కనెక్టర్ వదులైనా సరిగ్గా ఇదే లక్షణం.

అయినా రాకపోతే షాపుకే. అక్కడ మీ ఎదురుగా, సిస్టమ్ ఆన్‌లో ఉండగా, ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటిచ్చే పవర్ సప్లై డబ్బా) వోల్టేజి మల్టీమీటర్‌తో చూడమనండి: పసుపు వైరు 11.4 నుంచి 12.6, ఎరుపు 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య ఉండాలి. ఫ్యాన్ తిరిగినంత మాత్రాన సప్లై బాగున్నట్టు కాదు. ప్రాసెసర్ చుట్టూ కెపాసిటర్ల (చిన్న డబ్బాల్లాంటి భాగాల) నెత్తి ఉబ్బి కనిపిస్తే బోర్డు మీద అనుమానం న్యాయమే. అప్పుడు కూడా కెపాసిటర్లు మార్చితే సరిపోతుందేమో అడగండి.

మీ ఫైళ్లుండే హార్డ్‌డిస్క్ ఇంట్లోనే ఉంచేయండి, డిస్‌ప్లే పరీక్షకు దాంతో పని లేదు. ఏదైనా మారిస్తే పాత పార్టు వెనక్కి తీసుకోండి.